ఇంట్లోనే ఉన్నాను... ఖాళీగా లేను!

"మా కోడలా? ఇంట్లోనే ఉంటోంది లెండి, ఖాళీయే. మీరు నిరభ్యంతరంగా రండి. భోజనాలవీ అదే చూసుకుంటుంది."

పక్కగదిలో మా అత్తగారు ఫోనులో ఎవరితోనో అంటున్న మాటలివి. టైము ఉదయం పదకొండున్నర. తారీఖు 19. లెక్కలు రాసే ఉద్యోగం చేసేవాళ్ళకి ఈ తారీఖు సంగతి వేరే చెప్పక్కర్లేదు. మర్నాడు, అంటే 20న, జి.ఎస్.టి. నెలవారీ రిటర్ను వెయ్యడానికి ఆఖరు రోజు. నా ముందు ముగ్గురు వ్యాపారుల బిల్లులు పరిచి ఉన్నాయి. పొద్దున తొమ్మిదిన్నర నుంచి కుర్చీలోంచి లేచిందే లేదు. మరి నేను ఖాళీ ఎప్పుడయ్యానో నాకే తెలియలేదు!

కోపం రాలేదంటే అబద్ధం. కానీ ఆవిడ మాటలో కొత్త ఏముంది? ఇంటి నుంచి ఉద్యోగం చేసే ఆడవాళ్ళలో ఈ మాట పడని వాళ్ళెవరు? "నీకేమమ్మా, ఇంట్లోనే కూర్చుని జీతం" అని ఎదురింటావిడ అంటుంది. "ఎలాగూ ఇంట్లోనే ఉంటావుగా, మా పిల్లాణ్ణి కాస్త చూస్తూ ఉండు" అని ఆడపడుచు అంటుంది. మనమూ నవ్వేసి ఊరుకుంటాం. ఆ నవ్వు ఖరీదు ఎంతో నాకు తెలిసొచ్చాకే ఇది రాస్తున్నాను.

బస్సు తప్పింది, పని తప్పలేదు

పదకొండేళ్ళపాటు నేను పొద్దున్నే టిఫిను డబ్బా సర్దుకుని విజయవాడ సిటీ బస్సెక్కి ఆఫీసుకు వెళ్ళినదాన్నే. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. ఆఫీసువాళ్ళు కంప్యూటరు ఇంటికి పంపించారు. తర్వాత కొన్నాళ్ళకు అద్దె దండగని ఆ అంతస్తే ఖాళీ చేసేశారు. "మీ నలుగురూ ఇంటి నుంచే కానివ్వండి" అన్నారు.

మొదట్లో ఎంత సంబరపడ్డానో! బస్సులో తోపులాట లేదు. మధ్యాహ్నం వేడివేడిగా అన్నం. పిల్లలు కళ్ళెదుటే ఉంటారు. రెండు గంటల ప్రయాణం కలిసొస్తుంది. ఆ రెండు గంటల్లో ఏమేం చెయ్యాలో లిస్టు కూడా రాసుకున్నాను.

ఆ రెండు గంటలూ నావి కాలేదు. లాక్‌డౌన్‌లో మా వారు కూడా ఇంటి నుంచే పని చేశారు. ఆయన పడకగదిలో తలుపు వేసుకునేవారు. "నాన్న మీటింగులో ఉన్నారు, అల్లరి చెయ్యకండి" అని పిల్లల్ని గదమాయించింది ఎవరనుకున్నారు? నేనే! నా ఆఫీసు మాత్రం భోజనాల బల్ల చివర వెలిసింది. ఒక పక్క కంప్యూటరు, ఇంకో పక్క ఒలవాల్సిన చిక్కుడుకాయలు. "అమ్మా, నా జామెట్రీ బాక్సేదీ?" "ఏమోయ్, కుక్కరు ఎన్ని విజిల్సు వేసింది?" "అమ్మాయ్, గ్యాస్ బండ వచ్చింది చూడు." మా వారు చెడ్డవారేం కాదు. ఆయన గది తీసుకున్నారు, నేను బల్ల తీసుకున్నాను. ఎవరూ కూర్చుని నిర్ణయించలేదు. అలా జరిగిపోయిందంతే. అలా జరిగిపోయే వాటితోనే మనకొచ్చిన చిక్కంతా!

ఒక సున్న చేసిన పని

2021లో ఒకరోజు సాంబారు మరుగుతుండగా మధ్యమధ్య వెళ్ళి కలుపుతూ ఒక వ్యాపారి అమ్మకాలు ఎక్కిస్తున్నాను. ఇంతలో కొరియరు అబ్బాయి బెల్లు కొట్టాడు. సంతకం పెట్టి వచ్చి కూర్చున్నాను. ఒక బిల్లులో ఒక సున్న తగ్గింది. నేను చూసుకోలేదు, మా మేనేజరూ చూడలేదు. రెండు నెలలయ్యాక అది బయటపడింది. తక్కువ కట్టిన పన్నుకి ఏడాదికి 18 శాతం లెక్కన వడ్డీ కలిపి ఆ వ్యాపారి కట్టాల్సివచ్చింది.

మేనేజరు తిట్టినా బాధపడేదాన్ని కాదు. "ఇంట్లో కూర్చుంటే ఇంతేనండీ, ధ్యాస ఎక్కడుంటుంది?" అన్నారు. పదకొండేళ్ళలో నేను సంపాదించుకున్న మంచి పేరు ఆ ఒక్క సున్నలో కొట్టుకుపోయింది. పెరటిచెట్టు మందుకు పనికిరాదని సామెత. నా ఉద్యోగం పెరట్లోకొచ్చేసరికి ఇటు ఇంట్లోవాళ్ళకీ ఆనలేదు, అటు ఆఫీసువాళ్ళకీ ఆనలేదు. రెంటికీ చెడ్డ రేవడినయ్యాను.

ఆ రాత్రి నిద్ర పట్టక ఆలోచిస్తే ఒక సంగతి అర్థమైంది. నేను రెండు పనులు ఒకేసారి చేస్తున్నానని గర్వపడుతున్నాను గానీ, నిజానికి రెండిటినీ సగం సగం చేస్తున్నాను. ఆరోజు సాంబారు కూడా అడుగంటింది మరి!

లెక్కలు ఏమంటున్నాయి?

ఇది నా ఒక్కదాని గోడు కాదు. మన కేంద్ర ప్రభుత్వ గణాంక శాఖ జనం రోజంతా ఏ పనికి ఎంత సమయం పెడుతున్నారో సర్వే చేసింది. 2019 సర్వే ప్రకారం ఆరేళ్ళు దాటిన ఆడవాళ్ళలో జీతం లేని ఇంటిపని చేసేవాళ్ళు 81 శాతం పైనే. మగవాళ్ళలో 26 శాతం. ఆ పని చేసేవాళ్ళను మాత్రమే తీసుకుని చూసినా, ఆడవాళ్ళకి రోజుకు 299 నిమిషాలు, మగవాళ్ళకి 97 నిమిషాలు పట్టింది.

మళ్ళీ 2024లో సర్వే చేశారు. ఈసారి ఆడవాళ్ళకి 289 నిమిషాలు, మగవాళ్ళకి 88 నిమిషాలు. మనకు పది నిమిషాలు తగ్గాయని సంతోషించేలోపే, మగవాళ్ళకీ తొమ్మిది తగ్గాయని కనబడుతుంది. అంటే మన చేతిలోంచి జారిన పది నిమిషాలూ వాళ్ళ చేతిలో పడలేదన్నమాట!

289 నిమిషాలంటే దాదాపు ఐదు గంటలు. ఆఫీసుకు వెళ్ళే ఆడది ఈ ఐదు గంటల్నీ బయల్దేరేముందు కొంత, తిరిగొచ్చాక కొంత సర్దుకుంటుంది. ఇంటి నుంచి పనిచేసే ఆడదానికి ఆ గీత చెరిగిపోతుంది. ఇంటిపని వచ్చి ఆఫీసు పని ఒళ్ళో కూర్చుంటుంది. అందుకే "ఇంటి నుంచి చక్కగా పని చెయ్యడం ఎలా?" అని అడిగితే, ముందు కొత్త కంప్యూటరూ మంచి కుర్చీ కాదు, ఆ గీత మళ్ళీ గియ్యడం అవసరం అంటాను.

అత్తగారి లేసు

ఇప్పుడు మళ్ళీ ఆ 19వ తారీఖుకి వస్తాను. రిటర్నులు వేసేశాక, మర్నాడు రాత్రి అత్తగారి దగ్గర కూర్చున్నాను. "అత్తయ్యగారూ, నిన్న ఫోనులో నేను ఖాళీ అన్నారే, నేను పొద్దుటినుంచీ చేస్తున్నది పని కాదా?" అని మెల్లగానే అడిగాను.

ఆవిడ తెల్లబోయారు. "తప్పుగా అనలేదే అమ్మాయ్. ఇంట్లో ఉన్నావుగా అని అన్నాను. మేం లేసు అల్లినట్టే కదా ఇదీనూ? ఖాళీగా ఉన్నప్పుడు అల్లుకునేవాళ్ళం" అన్నారు.

మా అత్తగారిది నర్సాపురం పక్క పల్లెటూరు. ఆ చుట్టుపక్కల 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన లేసు అల్లిక తరతరాలుగా ఆడవాళ్ళ చేతుల్లో ఉంది. ఎప్పుడు అల్లేవారని అడిగాను. పొద్దున వంటయ్యాక, మధ్యాహ్నం పిల్లలు బడికెళ్ళాక, రాత్రి అందరూ పడుకున్నాక దీపం దగ్గర... అలా చెప్పుకుపోయారు. ఏజెంటు దారపు ఉండలు ఇచ్చి, అల్లింది పట్టుకెళ్ళేవాడట. ఎంత ఇస్తే అంతే పుచ్చుకునేవారట. ఆ డబ్బుతోనే మా వారి హైస్కూలు ఫీజులు కట్టారని ఆ రాత్రే నాకు తెలిసింది. మా వారికీ ఆ రాత్రే తెలిసింది!

"మరి అది పని కాదా అత్తయ్యగారూ?"

ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. "పనే అని ఎవరూ అన్లేదే" అన్నారు చివరికి.

సరిగ్గా ఆవిడ లేసు అల్లుతున్న రోజుల్లోనే మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త ఆ ప్రాంతానికి వచ్చి పరిశోధన చేసింది. 'ద లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్' అనే ఆమె పుస్తకం 1982లో వచ్చింది. ఆ లేసు విదేశాలకు ఎగుమతి అవుతోంది, వ్యాపారులు బాగుపడుతున్నారు. అల్లినవాళ్ళు మాత్రం 'ఇల్లాళ్ళు', వాళ్ళు చేసేది 'తీరిక వేళ వ్యాపకం'. అలా అనుకోవడం వల్లే వాళ్ళ కూలి అంత తక్కువగా ఉందని ఆమె చూపించింది. నాకు ఒళ్ళు జలదరించింది. అత్తగారి చేతిలో దారం, నా చేతిలో కీబోర్డు. మధ్యలో నలభై ఏళ్ళు గడిచాయి. "ఖాళీగా ఉన్నప్పుడు" అన్న మాట మాత్రం కదల్లేదు!

ఇంటి దగ్గర చేసినా పని పనేనని చట్టానికి తెలియకపోలేదు. 1966 నాటి బీడీ కార్మికుల చట్టం ఇంటి దగ్గర బీడీలు చుట్టే వాళ్ళని కూడా కార్మికులుగానే గుర్తించింది. ఇంటి దగ్గర పనిచేసే వాళ్ళకోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో ప్రత్యేకంగా ఒక ఒడంబడిక తెచ్చింది. మన దేశం మాత్రం దానికి ఆమోదముద్ర వెయ్యలేదు. చట్టాల సంగతి అలా ఉంచితే, మన నాలుకకు ఆ మాట అలవాటు కావాలి ముందు. "నేను ఇంట్లో ఉంటాను" కాదు, "నేను ఇంటి నుంచి ఉద్యోగం చేస్తాను" అనాలి. మనం అనకపోతే ఇంకెవరు అంటారు?

మా ఇంట్లో ఏం చేశామంటే...

ఆ ఆదివారం అందరం కూర్చుని మాట్లాడుకున్నాం. పోట్లాట కాదు, పంపకం. మీకేమైనా పనికొస్తుందేమోనని రాస్తున్నాను.

మొదటిది చోటు. మాకు విడిగా ఇంకో గది లేదు. పడకగది కిటికీ పక్కన కుట్టుమిషను ఉండేది. దాన్ని వరండాలోకి మార్చి, అక్కడ చిన్న బల్ల వేశాం. గోడవైపు మొహం, వెలుతురు పక్కనించి. మంచం మీద దిండు ఆనుకుని పని చెయ్యడం మానేశాను. నడుంనొప్పి సగం దానివల్లే వచ్చిందని మానేశాకే తెలిసింది. కంప్యూటరు తెర కళ్ళకు సూటిగా ఉండేలా కింద రెండు లావుపాటి పాత పుస్తకాలు పెట్టాను. విడి కీబోర్డుకి అయిన ఖర్చు ఒక మాదిరి చీర ఖరీదుకి మించలేదు.

రెండోది వేళ. తొమ్మిదిన్నర నుంచి ఒంటిగంట, రెండు నుంచి ఆరు. మధ్యలో నాలుగుంబావుకి పిల్లలు బడి నుంచి వస్తారు. అప్పుడు ఒక పావుగంట టీ. వాళ్ళ కబుర్లన్నీ ఆ పావుగంటలో వినేస్తాను. తల తేటగా ఉండే పొద్దుటి పూట లెక్కల పని, భోజనం తర్వాత ఫోన్లూ ఉత్తరాలూ పెట్టుకున్నాను. వంట తొమ్మిదింటికల్లా ముగించేస్తాను. అవనిది సాయంత్రానికే. కూర ఒకటి తగ్గిందా? తగ్గనివ్వండి. ఒక కూర తగ్గితే కాపురాలు కూలిపోవు.

మూడోది గుర్తు. మా పాప పాత పలక ఒకటి తలుపుకి తగిలించాం. ఒకవైపు 'డ్యూటీ', ఇంకోవైపు 'రావచ్చు'. మొదటి వారం పిల్లలు నవ్వారు. రెండో వారం 'డ్యూటీ' చూసి వెనక్కి వెళ్ళారు. బెల్లు మోగితే అత్తగారు చూస్తారు. పొద్దున కూరలు తరిగి పిల్లల డబ్బాలు కట్టడం మా వారి వంతు. మొదట్లో అన్నం చల్లారకుండానే మూతలు పెట్టేవారు. పోయి సరిచెయ్యాలని చెయ్యి దురద పెట్టేది. బలవంతంగా ఆపుకున్నాను. మనం వెళ్ళి సరిచేస్తే ఆ పని మళ్ళీ మన ఖాతాలోకే వస్తుంది!

నాలుగోది వేషం. నవ్వకండి. నైటీలో కూర్చుంటే నాకు పని సాగదు. తల దువ్వుకుని, చీరో డ్రెస్సో మార్చుకుని, ఒకసారి వీధిచివరి దాకా నడిచి వచ్చి కూర్చుంటాను. ఆ ఐదు నిమిషాల నడకే ఇప్పుడు నాకు సిటీ బస్సు.

ఐదోది గడియారం. ఫ్రాన్సిస్కో చిరిల్లో అనే ఇటలీ కుర్రాడు 1980ల చివర్లో చదువుమీద ధ్యాస నిలవక, టమాటా ఆకారంలో ఉన్న వంటింటి టైమరు ముందు పెట్టుకున్నాడట. 25 నిమిషాలు ఒకే పని, ఐదు నిమిషాలు విశ్రాంతి. ఈ పద్ధతి ప్రపంచమంతా పాకింది. చూశారా, వంటింటి వస్తువే! నేనూ అదే చేస్తున్నాను. ఆ 25 నిమిషాలూ ఫోను పక్కగదిలో ఉంటుంది. ఐదు నిమిషాల్లో లేచి నాలుగడుగులు వేసి, నీళ్ళు తాగి, కిటికీలోంచి దూరంగా ఉన్న చెట్టు చూస్తాను. కళ్ళమంట తగ్గింది. అయితే ఒక్క నియమం, ఆ ఐదు నిమిషాల్లో బట్టలు ఆరెయ్యకూడదు. విశ్రాంతిని కూడా ఇంటిపనికి ఇచ్చేశామా, ఇక అది విశ్రాంతే కాదు.

ఆఫీసుకీ ఒక గీత

గీతకి అటువైపు సంగతీ ఉంది. ఇంట్లో ఉన్నావుగా అని ఇంటివాళ్ళు అన్నట్టే, ఇంట్లోనే ఉన్నారుగా అని ఆఫీసువాళ్ళూ అంటారు. రాత్రి తొమ్మిదింటికి ఫోను, ఆదివారం పొద్దున ఫోను. రిటర్నులు వేసే వారం తప్ప, ఆరు తర్వాత చెయ్యనని మేనేజరుకి మర్యాదగా చెప్పాను. ఆరు కాగానే కంప్యూటరు మూసి, మీద గుడ్డ కప్పేస్తాను. దుకాణం కట్టేసినట్టు. అంతేకాదు, ప్రతి శుక్రవారం ఆ వారం ఏమేం చేశానో పది వరుసల్లో రాసి పంపుతున్నాను. ఎదురుగా కనబడని మనిషి చేసిన పని కూడా కనబడదు. జీతం పెంచే వేళ ఆ కాగితాలే నా తరఫున మాట్లాడాయి.

చంటిపిల్లల తల్లులకు ఇంకో మాట. 2017లో సవరించిన ప్రసూతి ప్రయోజనాల చట్టం మొదటి రెండు కాన్పులకూ సెలవుని 26 వారాలకు పెంచింది. ఆ సెలవు తర్వాత, పని అలాంటిదైతే, యజమానీ ఉద్యోగినీ ఒప్పుకుని ఇంటి నుంచి చేసుకోవచ్చంది. అదే చట్టం 50 మంది, అంతకు మించి పనిచేసే చోట పిల్లల సంరక్షణ కేంద్రం ఉండాలనీ చెప్పింది. ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి చదవండి. ఇంటి నుంచి పని పిల్లల సంరక్షణకు బదులు కాదు. ఒళ్ళో ఏడాది పిల్లని పెట్టుకుని ఎనిమిది గంటలు పని చెయ్యడం ఎవరివల్లా కాదు. చెయ్యలేకపోతే అది మీ చేతగానితనం కాదు. ఆ వేళల్లో బిడ్డని పట్టుకునే మనిషి కావాలి. అమ్మో, అత్తగారో, ఆయమ్మో, లేదా బిడ్డ తండ్రో.

అన్నీ చక్కబడ్డాయని చెప్పను. ఒంటరితనం ఉంది. ఆఫీసులో మధ్యాహ్నం డబ్బాలు విప్పుకుని చెప్పుకున్న కబుర్లు ఏ ఫోనులోనూ దొరకవు. అందుకే మేం నలుగురం నెలకోసారి, రిటర్నుల హడావుడి అయ్యాక, ఎవరో ఒకరింట్లో డబ్బాలు పట్టుకుని కలుస్తున్నాం. పలక తిరగెయ్యడం మర్చిపోయే రోజులూ ఉన్నాయి. చుట్టాలొస్తే గీత చెరుగుతుంది. మళ్ళీ గీసుకుంటాం.

ట్యూషన్లు చెప్పే చెల్లెళ్ళూ, బ్లౌజులు కుట్టే వదినలూ, పచ్చళ్ళు పెట్టి అమ్మే పిన్నిగార్లూ, మీకూ ఇదే మాట. మీ పనికి ఒక చోటు, ఒక వేళ, ఒక పద్దుపుస్తకం పెట్టుకోండి. ముఖ్యంగా ఒక పేరు పెట్టుకోండి. ఎవరైనా అడిగితే "ఊరికే ఇంట్లో ఏదో..." అని మొదలుపెట్టకండి.

మొన్న మళ్ళీ ఫోను మోగింది. అత్తగారే తీశారు. "అది డ్యూటీలో ఉందండీ, ఆరు తర్వాత చెయ్యండి" అన్నారు. కాసేపాగి, అవతలివాళ్ళు ఏం అడిగారో మరి, "నేనా? నేనూ ఉద్యోగం చేసినదాన్నే లెండి. లేసు పని. ఇరవై ఏళ్ళు చేశాను" అన్నారు.